ఉమ్ కుల్సూం వెనక ఎలక్ట్రిక్ గిటార్: అరబ్ పాటలో పాతకీ కొత్తకీ గీత ఎక్కడ?

1964 ఫిబ్రవరిలో ఒక గురువారం రాత్రి కైరోలో ఉమ్ కుల్సూం కొత్త పాట పాడారు. పేరు ‘ఇన్త ఉమ్రీ’. బాణీ కట్టింది మొహమ్మద్ అబ్దుల్ వహాబ్. ఇద్దరూ దశాబ్దాలుగా ఈజిప్టు సంగీతాన్ని ఏలుతున్నవాళ్లే అయినా, అప్పటిదాకా కలిసి ఒక్క పాటా చేయలేదు. పత్రికలు ఈ కలయికను ‘మేఘాల సమాగమం’ అన్నాయి. ఆ రాత్రి వాద్యబృందంలో వయొలిన్లు, ఖానూన్ అనే తంత్రీ వాద్యం, నాయ్ వేణువుతో పాటు ఒక ఎలక్ట్రిక్ గిటార్ కూడా ఉంది. ఆమె నోరు తెరవకముందే, సుదీర్ఘమైన వాద్య ప్రస్తావనలో ఆ గిటార్ పలికింది.

ఈ రోజు అరబ్ ప్రపంచంలో ఎవరినైనా శాస్త్రీయ స్థాయి పాట ఒకటి చెప్పమంటే ఎక్కువమంది నోట వచ్చేవాటిలో ఇదొకటి. కొత్త పాటల మీద విసుక్కునేవాళ్లు ‘అసలైన కళ’కు ఉదాహరణగా చూపించేదీ దీన్నే. అందుకే ఎలక్ట్రిక్ వాద్యాలొచ్చి సంప్రదాయాన్ని చెడగొట్టాయన్న వాదన నాకు మొదటి అడుగులోనే నిలవదనిపిస్తుంది. అలాగని తేడా లేదనీ అనను. తేడా ఉంది, పెద్దదే. అది వాద్యాల్లోనో, పాట వయసులోనో కాక రెండు చోట్ల ఉంది. ఒకటి, పాట ఎంతసేపు సాగాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నది. రెండోది, పియానో మెట్ల సందుల్లో దాక్కున్న స్వరాలకు ఏమైందన్నది.

తరబ్ అంటే ఇద్దరు చేసే పని

అరబ్ సంప్రదాయ సంగీతానికి ప్రాణం తరబ్. పాట వింటూ వింటూ మనిషి తనలో తాను లేకుండా పోయే స్థితి అది. మంచి గొంతు ఉన్నంత మాత్రాన అది రాదు. ఎదురుగా తెలిసిన శ్రోత ఉండాలి. అలాంటి శ్రోతలను సమ్మీయా అంటారు. స్వరం ఎటు పోతోందో, ఎక్కడ మలుపు తిరిగిందో, ఎక్కడ ఇంటికి చేరిందో పట్టుకోగలవాళ్లు వీళ్లు. గాయని ఒక పాదాన్ని అందంగా ముగించి స్వరాన్ని దాని స్థానంలో దించగానే ‘అల్లాహ్!’ అని అరుస్తారు. ఆ ముగింపును కఫ్లా అంటారు. ఆ అరుపు గాయనికి ఊపునిస్తుంది, ఆమె అదే పాదాన్ని మళ్లీ ఎత్తుకుంటుంది, ఈసారి ఇంకోలా.

ఉమ్ కుల్సూం కచేరీ రికార్డింగులు వింటే ఇదంతా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. 1966లో ఆమె మొదటిసారి పాడిన ‘అల్ అత్లాల్’ తీసుకోండి. ఇబ్రహీం నాజీ కవిత, రియాద్ అల్ సుంబాతీ బాణీ. ఒకే పాదాన్ని మూడుసార్లు, నాలుగుసార్లు అంటారు. మొదటిసారి ఉన్నదున్నట్టు. రెండోసారి ఒక మాటను సాగదీసి. మూడోసారి స్వరాన్ని పక్క మకామ్‌లోకి (మకామ్ అంటే మన రాగం లాంటిది) నెట్టి, అక్కడ కాసేపు ఊరించి, వెనక్కి లాక్కొస్తారు. జనం ఆ వెనక్కి రావడం కోసం ఊపిరి బిగబట్టి ఉంటారు. రాగానే హాలు పేలిపోతుంది. వాద్యబృందం ఆ పాదం ముందున్న సంగీతాన్ని మళ్లీ వాయిస్తుంది, ఆమె మళ్లీ మొదలెడతారు. అందుకే ఒకే పాట ఒక రాత్రి నలభై నిమిషాలు, మరో రాత్రి గంటకు పైగా సాగుతుంది. కాగితం మీద రాసిన పాట చిన్నదే. దాన్ని పెద్దది చేసేది ఆ గదిలో ఆ రాత్రి జరిగే బేరం.

వాద్యకారుల వైపు కూడా ఇలాంటి స్థితి ఒకటుంది, దాన్ని సల్తనా అంటారు. ఒక మకామ్ పూర్తిగా తలకెక్కి, వేరే స్వరం తోచని మత్తు. పాటకు ముందు వాయించే తక్సీం, అంటే తాళం లేని మనోధర్మ ఆలాపన, ఆ మత్తు ఎక్కించడానికే.

ఇప్పటి పాప్ పాట స్టూడియోలో పుడుతుంది. ఎంతసేపుండాలో, ఎక్కడ పల్లవి తిరిగి రావాలో వినేవాడు ఎదురుపడక ముందే ఖాయమైపోతుంది. కచేరీలో కూడా రికార్డులో ఉన్నట్టే పాడాలి, ఎందుకంటే జనం వచ్చింది ఆ రికార్డు కోసం. శ్రోత కలిసి పాడతాడు, ఫోన్ ఎత్తి పట్టుకుంటాడు, గెంతుతాడు. కానీ పాట నడకను మార్చలేడు. నా దృష్టిలో అరబ్ సంగీతం పోగొట్టుకున్నవాటిలో అన్నిటికంటే పెద్దది ఇదే.

నిడివిని మార్చింది యంత్రాలు

అయితే పాతకాలం పాటలన్నీ గంటల తరబడి సాగేవనుకుంటే అదీ తప్పే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కైరోకి గ్రామఫోన్ కంపెనీలు వచ్చాయి. అరబ్బులే నడిపిన బైదాఫోన్ లాంటి కంపెనీలూ పుట్టాయి. 78 వేగంతో తిరిగే రికార్డుకు ఒక వైపు పట్టేది మూడు నాలుగు నిమిషాలే. మహా గాయకులు రాత్రంతా విస్తరించి పాడిన దౌర్ అనే ప్రక్రియను ముక్కలు చేసి అటూ ఇటూ నింపాల్సి వచ్చింది. ఆ పలక మీద హాయిగా ఇమిడింది తక్తూకా. చిన్న పాట, సులువైన పల్లవి, వాడుక భాష, చాలాసార్లు కొంటె మాటలు. 1920ల్లో కైరో దీని మోజులో పడింది, పెద్దమనుషులు నీతి పోయిందని గోలపెట్టారు. పల్లెటూరి ఇమామ్ కూతురిగా, మగపిల్లాడి వేషంలో భక్తి గీతాలు పాడుతూ నగరానికి వచ్చిన ఉమ్ కుల్సూం కూడా అప్పట్లో కాస్త చిలిపి తక్తూకా ఒకటి రికార్డు చేశారు. విమర్శలొచ్చాక దాని మాటలు మార్పించారు.

అంటే మూడు నిమిషాల పాట, బజారు భాష, నీతి మీద తగువు, ఇవన్నీ నూరేళ్ల కిందటివే.

ఆ తర్వాత పాటను మళ్లీ పెద్దది చేసింది రేడియో. 1934లో ఈజిప్టు ప్రభుత్వ రేడియో మొదలైంది. ప్రతి నెలా మొదటి గురువారం ఉమ్ కుల్సూం కచేరీ నేరుగా ప్రసారమయ్యేది, అదీ గంటల తరబడి. ఈ ఆనవాయితీ దాదాపు నాలుగు దశాబ్దాలు నడిచింది. ట్రాన్సిస్టర్లు వచ్చాక మొరాకో నుంచి ఇరాక్ దాకా ఒకే రాత్రి ఒకే గొంతు విన్నారు. ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ కాలపు అరబ్ జాతీయ భావన ఆ తరంగాల మీదే ప్రయాణించింది. ఈ రోజు ‘శాస్త్రీయం’ అని గౌరవించే గంటసేపటి పాట, నిజానికి రేడియో యుగం పెంచిన బిడ్డ.

వాద్యబృందం కథా అంతే. అంతకుముందు ఊద్ అనే తంత్రీ వాద్యం, ఖానూన్, నాయ్, వయొలిన్, రిక్ అనే కంజీర, ఈ నలుగురైదుగురు కూర్చుంటే అది తఖ్త్. ఎవరి పోకడ వారిది, ఒకే బాణీని తలా ఒక రకంగా అలంకరించేవారు. అబ్దుల్ వహాబ్ తరం దాని స్థానంలో వరసలుగా వయొలిన్లు, చెల్లోలు, డబుల్ బాస్‌లతో ఫిర్కాను నిలబెట్టింది. పాశ్చాత్య బాణీలను ఎత్తుకొచ్చాడని ఆయన మీద అప్పుడే నిందలొచ్చాయి. ఆయన ‘సంగీత విధ్వంసకుడు’ నుంచి ‘సంప్రదాయ స్తంభం’ కావడానికి పట్టింది ఒక జీవితకాలం.

పియానో మెట్ల మధ్య ఉన్న స్వరం

ఇక రెండో విషయం. ఇది కొంచెం సాంకేతికం, కానీ రాగాల ఊసు తెలిసిన తెలుగువాళ్లకు కష్టమేమీ కాదు.

మకామ్ మన రాగానికి దగ్గరి చుట్టం. మెట్లు, వాటిలో నడిచే దారి, ఆగే చోట్లు, ఒక్కోదానికీ ఒక మనోభావం. ఒక ముఖ్యమైన తేడా ఏమిటంటే, మన కీర్తన మొదలైన రాగంలోనే పూర్తవుతుంది. అరబ్ పాట మాత్రం ఒక మకామ్‌లో బయల్దేరి, మూడు నాలుగు ఇతర మకామ్‌లు తిరిగి, చివరకు సొంతింటికి రావాలి. ఆ ప్రయాణంలోనే స్వరకర్త దమ్ము తెలుస్తుంది.

కొన్ని మకామ్‌ల మెట్లు మన మేళకర్తలతో సరిగ్గా సరిపోతాయి. హిజాజ్‌కార్ స్వరాలు మాయామాళవగౌళవి, అంటే మన పిల్లలు సరళీ స్వరాలు మొదలుపెట్టే మెట్లే. కుర్ద్ హనుమతోడి. అజమ్ ధీరశంకరాభరణం. నహావంద్ ఒక రూపంలో నఠభైరవి, మరో రూపంలో కీరవాణి. గమకాలు వేరు, నడక వేరు, కాబట్టి వింటే ఒకటిగా ఉండవు. మెట్లు మాత్రం అవే.

అసలు కథ రాస్త్, బయాతీ, సికా లాంటి మకామ్‌లది. రాస్త్‌లో గాంధారం సాధారణ గాంధారమూ కాదు, అంతర గాంధారమూ కాదు, ఆ రెండింటి నడుమ ఎక్కడో నిలుస్తుంది. నిషాదమూ అలాంటిదే. బయాతీలో రిషభం శుద్ధానికీ చతుశ్రుతికీ మధ్య ఉంటుంది. మనకైతే అలాంటి చోట్లు గమకంలో తగిలి పోయేవి. వాళ్లకు అది నిలబడి కాపురం చేసే స్వరం. పియానో మీద ఆ మెట్టు లేదు. ఫ్రెట్లున్న గిటార్ మీదా లేదు.

ఈ స్వరాల కోసం 1932లో కైరోలో పెద్ద యుద్ధమే జరిగింది. రాజు ఫువాద్ ఆధ్వర్యంలో అరబ్ సంగీత మహాసభ ఏర్పాటైంది. హంగరీ నుంచి బేలా బార్టోక్, జర్మనీ నుంచి పాల్ హిండెమిత్ వచ్చారు. ఇరాక్, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, సిరియా బృందాలు పాడి రికార్డు చేశాయి. ప్రధానమైన తగువు స్థాయిని 24 సమాన భాగాలు చేయాలా అన్నది. 24 భాగాల లెక్క అంతకు సుమారు నూరేళ్ల ముందు లెవాంట్ (సిరియా, లెబనాన్ ప్రాంతం) పండితుల్లో ఉన్నదే. కొలతలు సమానం చేస్తే పాఠశాలల్లో చెప్పొచ్చు, పావు స్వరాలు, అంటే ఆ నడుమ స్వరాలు, పలికే పియానోలు చేయొచ్చు అన్నది ఆధునికవాదుల కోరిక. అలాంటి పియానోలు ప్రదర్శించారు కూడా. చిత్రం ఏమిటంటే, పియానో వద్దన్నవాళ్లలో యూరప్ పండితులున్నారు, కావాలన్నవాళ్లలో ఈజిప్షియన్లున్నారు. ఒకరికి అది కాపాడుకోవాల్సిన నిధి, మరొకరికి అది ముందుకు నడవాల్సిన తమ సొంత సంగీతం. రెండో పక్షాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం నాకు న్యాయంగా తోచదు. మన దగ్గరా గమకం పలకదని 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను బయటపెట్టి, దాదాపు మూడు దశాబ్దాలు లోపలికి రానివ్వలేదు.

మహాసభ ఏ తీర్పూ తేల్చకుండా ముగిసింది. తీర్పు ఇచ్చింది జపాన్ కీబోర్డులు. అరబ్ మార్కెట్ కోసం యమహా, కోర్గ్ చేసే ‘ఓరియంటల్’ మోడళ్ల మీద ఒక్కో స్వరానికి ఒక్కో చిన్న బటన్ ఉంటుంది. షడ్జమం మీద రాస్త్ కావాలంటే గాంధారం, నిషాదం బటన్లు నొక్కాలి, అవి పావు స్వరం దిగుతాయి. మకామ్ మారినప్పుడు వేళ్లతో పాట వాయిస్తూనే బటన్లు మార్చాలి. పెళ్లిళ్లలో వాయించే వాద్యకారులు దీన్ని కళ్లు మూసుకుని చేస్తారు. లోటు ఒక్కటే. వయొలిన్ మీద ఆ గాంధారం అన్నిచోట్లా ఒకే ఎత్తులో ఉండదు. ఎక్కేటప్పుడు కొంచెం పైకి, దిగేటప్పుడు కొంచెం కిందికి జరుగుతుంది, కైరోలో ఒకలా అలెప్పోలో మరోలా పలుకుతుంది. బటన్ నొక్కితే అది ఒకే చోట బిగుసుకుపోతుంది.

మెరుగుపెట్టిన పాప్ పాట ఈ చిక్కంతా ఎందుకని కుర్ద్, నహావంద్, అజమ్, హిజాజ్‌ల వైపు వెళ్లింది. వాటికి గిటార్ శ్రుతులు సరిపోతాయి, స్పానిష్ తీగలూ సింథసైజర్లూ అతుకుతాయి. ప్రపంచమంతా ‘అరబ్ ధ్వని’ అనుకునే హిజాజ్ పియానో మీద పలుకుతుంది కాబట్టే ప్రపంచమంతా తిరిగింది. అరబ్ సంగీతాన్ని అందరికంటే వేరు చేసే రాస్త్, బయాతీలు సరిహద్దు దాటలేకపోయాయి. ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి, మొదట్లో చెప్పిన ‘ఇన్త ఉమ్రీ’ ప్రధానంగా కుర్ద్‌లోనే ఉంది. ‘అల్ అత్లాల్’ది రాహత్ అల్ అర్వాహ్, దాని ఆధార స్వరమే పియానో మీద దొరకదు. ఒకే గాయని, రెండేళ్ల తేడా, గీతకు చెరో వైపు.

క్యాసెట్ తెరిచిన తలుపు

ఉమ్ కుల్సూం 1975లో పోయారు. సినిమా పాటలతో యువతను ఊపేసిన అబ్దుల్ హలీం హాఫిజ్ 1977లో పోయారు. రేడియో కమిటీ ఒప్పుకున్న గొంతే దేశానికి వినపడే రోజులూ ఆ పాటికే పోతున్నాయి. క్యాసెట్ వచ్చింది. చవక, కాపీ కొట్టుకోవచ్చు, టాక్సీలో పెట్టుకోవచ్చు. అహ్మద్ అదవియ్యా అనే గాయకుణ్ణి ప్రభుత్వ రేడియో దగ్గరకు రానివ్వలేదు, మాటలు నాటుగా ఉన్నాయని. క్యాసెట్లు మాత్రం ఈజిప్టు వీధివీధికీ చేరాయి. ఆయన పాట షాబీ, అంటే జనం పాట. నాటు మాటల మీద అంత గొడవ చేసినవాళ్లు ఆయన మవ్వాల్ విన్నారో లేదో! మవ్వాల్ అంటే పాటకు ముందు తాళం లేకుండా సాగే దుఃఖాలాపన. అందులో బయాతీ, సబా మకామ్‌ల పావు స్వరాలు ఆయన గొంతులో ఏ ఖురాన్ పఠనకర్తకూ తీసిపోని ఖచ్చితత్వంతో పలుకుతాయి. 2024 డిసెంబరు చివర్లో ఆయన చనిపోయినప్పుడు ఈజిప్టు ఆయన్ను పెద్ద కళాకారుడిగానే సాగనంపింది.

1980ల్లో ఇంకో దారి తెరుచుకుంది, అల్ జీల్, కొత్త తరం పాట. లిబియా నుంచి వచ్చిన హమీద్ అల్ షాయిరీ డ్రమ్ మెషిన్, సింథసైజర్, చప్పట్ల లయతో కైరో ధ్వనిని మార్చేశాడు. 1988లో అలీ హుమైదా పాడిన ‘లౌలాకీ’ దానికి జెండా. ఆ బాటలోనే 1996లో అమ్ర్ దియాబ్ ‘నూర్ అల్ ఐన్’ వచ్చింది. స్పానిష్ గిటార్, అకార్డియన్, వాటి కింద దర్బుకా అనే డోలు మీద మక్సూం తాళం: దుమ్, తక్, విరామం, తక్, దుమ్, విరామం, తక్, విరామం. పైన ఎన్ని మారినా ఆ ఎనిమిది గడులు పెద్దగా మారలేదు. మువష్షహ్ అనే పాత శాస్త్రీయ గేయాల్లో పది, పద్నాలుగు, ఇంకా పొడుగు ఆవర్తనాల తాళాలుండేవి, అవి దాదాపు సభల్లోనే మిగిలాయి. అమ్ర్ దియాబ్ బాణీ మనకూ వేరే దారిలో చేరింది. 2004 నాటి హిందీ సినిమా ‘మర్డర్’లో ‘కహో నా కహో’ విన్నవాళ్లు విన్నది ఆయన 2000 నాటి ‘తమల్లీ మఆక్’నే.

తర్వాత శాటిలైట్ చానెళ్లు, రోటానా లాంటి పెద్ద కంపెనీలు, లెబనాన్ నుంచి నాన్సీ అజ్రం తరం వీడియో క్లిప్పులు. పాట చూసే వస్తువైంది. సంగీతపరంగా నాకు ఇందులో చెప్పుకోదగ్గ మలుపు కనపడదు.

మరోవైపు ఇరాక్‌కు చెందిన కాజిం అల్ సాహిర్ అదే శాటిలైట్ కాలంలో నిజార్ ఖబ్బానీ కవితలను శిష్ట అరబిక్‌లో, పెద్ద వాద్యబృందంతో పాడి స్టేడియాలు నింపాడు. మార్కెట్ కోసమని కవిత్వాన్ని వదలక్కర్లేదని ఆయన ఉదాహరణ ఒక్కటి చాలు.

మహ్రగానాత్ మీద నిషేధం

కైరో శివార్లలోని మదీనత్ అల్ సలాం వంటి పేటల్లో 2000ల చివర్లో కుర్రాళ్లు ఇంటి కంప్యూటర్లలో పైరసీ సాఫ్ట్‌వేర్‌తో, ఆటోట్యూన్ గొంతులతో వీధి పెళ్లిళ్ల కోసం పాటలు చేయడం మొదలెట్టారు. అదే మహ్రగానాత్. 2011 ఉద్యమం తర్వాత దేశమంతా పాకింది. 2020 ఫిబ్రవరిలో హసన్ షాకూష్, ఒమర్ కమాల్ కైరో స్టేడియంలో ‘బింత్ అల్ గీరాన్’ పాడారు. అందులో సారా, హషీష్ ప్రస్తావన ఉందని రభస రేగింది. గాయకుడు హానీ షాకిర్ అధ్యక్షుడిగా ఉన్న సంగీతకారుల సంఘం మహ్రగానాత్ గాయకులెవరూ హోటళ్లలో, క్లబ్బుల్లో, వేదికల మీద పాడరాదని నిషేధించింది. యూట్యూబ్‌ను ఏ సంఘమూ ఆపలేదు కాబట్టి పాట ఆగలేదు. కడుపు కాలింది మాత్రం పెళ్లిళ్ల మీద బతికే చిన్న గాయకులకు.

నిషేధం సంప్రదాయ రక్షణ పేరుతో వచ్చింది. సంగీతం వైపు నుంచి చూస్తే నాకిది తలకిందులుగా కనిపిస్తుంది. ఈ కుర్రాళ్లు వాడే కీబోర్డు పలుకులు షాబీ పెళ్లిళ్ల నుంచి వచ్చినవి, వాటిలో పావు స్వరాలు బతికున్నాయి. స్టూడియోలో మెరుగుపెట్టి, ఏ అభ్యంతరమూ లేకుండా సర్కారు వేదికలెక్కే ప్రేమ గీతాల్లో చాలావాటికి ఆ స్వరాలు ఎప్పుడో దూరమయ్యాయి. తరబ్‌లో ఉన్న ఆ పాత బేరం కూడా వీధి పెళ్లిలో కొంత మిగిలింది. మైకు పట్టుకున్నవాడు ఎదుటివాళ్ల పేర్లు పాటలో కలుపుతాడు, జనం ఊగితే అదే ముక్క ఇంకోసారి తిప్పుతాడు. ‘అల్ అత్లాల్’తో వీటిని సమానం చేయడం నా ఉద్దేశం కాదు. కవిత్వంలో, స్వర ప్రయాణంలో పోలికే లేదు. కానీ నిషేధించినవాళ్లు దేన్ని కాపాడుతున్నామనుకున్నారో, అది కొంచెమైనా మిగిలింది వాళ్లు మూసిన గదిలోనే.

ఈ కథలో హైదరాబాద్‌కూ ఒక కొస ఉంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో చేరి బార్కస్‌లో స్థిరపడ్డవాళ్ల నుంచీ, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల నుంచీ మర్ఫా వచ్చింది. పాతబస్తీ పెళ్లిళ్లలో, ఇప్పుడు మతంతో పనిలేకుండా ఊరేగింపుల్లో మోగుతున్న డప్పు అది. గల్ఫ్ పాటకు ఆధునిక రూపమిచ్చిన పెద్దల్లో ఒకరైన అబూ బక్ర్ సాలెం కూడా హద్రమౌత్ మనిషే. కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు కారు రేడియోల్లో వినే ఖలీజీ, అంటే గల్ఫ్, లయ వెనక ఆ తీరం ఉంది.

ఇక ముందు ఆ స్వరాలను పిల్లలకు ఎవరు నేర్పుతారన్నదే నన్ను తొలిచే ప్రశ్న. ఉమ్ కుల్సూం తరానికి అవి ఖురాన్ పఠనంతో, పల్లె భక్తి గీతాలతో చెవిలో పడ్డాయి, పుస్తకంలో చూసి నేర్చినవి కావు. ఇరాక్ ఊద్ విద్వాంసుడు నసీర్ షమ్మా కైరోలో నెలకొల్పిన బైత్ అల్ ఊద్‌లో ఇప్పుడు విద్యార్థులు ఫ్రెట్లు లేని ఊద్ మీద ఆ చోట్లను వేలితో వెతుక్కుంటున్నారు. కైరో ఒపెరా హౌస్ 1992 నుంచి ఏటా అరబ్ సంగీతోత్సవం జరుపుతోంది, అక్కడ పాత పాటలు కొత్త గొంతుల్లో వినిపిస్తాయి. చాలావరకు రికార్డులో ఉన్నట్టే పాడతారు, అదొక వెలితి. మీరు మొదటిసారి వినాలనుకుంటే స్టూడియో రికార్డు జోలికి పోకండి. ఉమ్ కుల్సూం ప్రత్యక్ష కచేరీ ఒకటి తీసుకుని, ఇరవై నిమిషాలు దాటేదాకా ఓపిక పట్టండి. ఆ వెంటనే అదవియ్యా మవ్వాల్ ఒకటి వినండి. మాటలు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, జనం ఎక్కడ అరుస్తున్నారో, ఆ అరుపు తర్వాత గొంతు ఏం చేస్తోందో దాన్నే పట్టుకోండి.